మేఘానికి ఆవలి మెరుపు

వైశాఖమాసపు చివరిరోజులలో చీడికాడలో సాయంకాలం ఉక్కతో ఆరంభమవుతుంది. పగలంతా కాగిన నేల వేడిని విడువదు. చెట్టుమీద ఆకు కదలదు. మాడుగుల కొండలమీద, వాటి వెనుక పాడేరు మన్యపు తూర్పుకనుమలమీద, మధ్యాహ్నం దూదిపింజలవలె తేలిన తెల్లమబ్బులు రెండుమూడు గంటలలో కొండలను మించిన కొండలవుతవి. వాటి అడుగు కాటుకరంగు దాలుస్తుంది. కోనాం జలాశయం వైపునుండి చల్లగాలి ఒకటి లేస్తుంది. ఆ గాలి ఒంటికి తగిలిన వెంటనే చెరకుతోటలలోను, దుక్కిచేలలోను ఉన్నవారు పశువులను తోలుకొని ఇళ్లదారి పడతారు. ఇంతలో ఆకాశం చీలినట్లు ఒక మెరుపు. ఆ వెనుకనే కొండలు మారుమ్రోగే ఉరుము. ఇంటిలోని పెద్దలు అర్జునుని పేర్లు వరుసగా తలచుకొంటారు. పిల్లలు చెవులు మూసుకొంటారు.

చోడవరం ప్రాంతంలోని ఈ ఊరు తరతరాలుగా విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినా, కొండకూ సముద్రానికీ నడుమ ఉన్న ఊరు గనుక, రెండువైపుల మబ్బులూ దానికి చుట్టాలే. వేసవిలో కొండలమీద పుట్టిన మబ్బు దిగివస్తుంది. శ్రావణ భాద్రపదాలలో బంగాళాఖాతపు మబ్బు ఎక్కివస్తుంది. ఏ మబ్బు వచ్చినా పిడుగు దానితోపాటే వస్తుంది. ఆ పిడుగును గూర్చి ఈ ఊరివారికి తెలిసినదంతా, ఆమాటకు వస్తే మానవజాతికి మొన్నమొన్నటివరకు తెలిసినదంతా, మబ్బు క్రింద నిలబడి తలయెత్తి చూచినదే. మబ్బుకు అడుగుభాగమే మనకు తెలుసును. దాని నడినెత్తిమీద ఏమి జరుగుతున్నదో చూచినవారు లేరు. చూచినామని చెప్పినవారు కొందరు లేకపోలేదు గాని, వారి మాట నమ్మినవారు లేరు.

మేఘంనుండి మెరుపు క్రిందికే దిగుతుందని మనం అనుకొన్నాము. అది పైకికూడ పోతుంది. పిడుగు భూమిమీద పడిన క్షణంలోనే, దానికి ఎన్నోరెట్లు ఎత్తున, రోదసి అంచులలో ఎర్రని, నీలని వెలుగులు లేచి మాయమవుతవి. ఆ వెలుగులను రోదసినుండి తిలకించిన కథలో మన బంగాళాఖాతానికి ఒక ముఖ్యమైన అధ్యాయం ఉన్నది.

బంగాళాఖాతంపై 160 సెకన్లు

2015 సెప్టెంబరు 2వ తేదీన ఆండ్రియాస్ మోగెన్‌సెన్ అను డెన్మార్కు దేశస్థుడు సోయజ్ నౌకలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయలుదేరినాడు. ఆ దేశంనుండి రోదసికి వెళ్లిన మొదటివాడు ఆయనే. అక్కడ ఉండినది పదిరోజులకు లోపు. ఆయనకు ఒప్పగించిన పనులలో ఒకటి, ఉరుములదేవుడైన ‘థోర్’ పేరు పెట్టిన పరిశోధన. ఉత్తర ఐరోపావారి పురాణాలలో థోర్ మన ఇంద్రునివంటివాడు. ఇంద్రునికి వజ్రాయుధం ఉన్నట్లే ఆయనకు సమ్మెట ఉన్నది. మోగెన్‌సెన్ చేయవలసినదల్లా, భూమిమీద పెద్ద ఉరుముమబ్బులు లేచినచోటును క్రిందినుండి శాస్త్రజ్ఞులు తెలుపగా, కేంద్రంలోని అద్దాల గవాక్షంవద్ద నిలిచి, చీకటిలోసైతం చూడగల కెమెరాతో ఆ మబ్బుల నెత్తిని చిత్రించడమే.

చెప్పడానికి ఇది తేలిక. అంతరిక్ష కేంద్రం భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో పరుగిడుతుంది. చీడికాడ నడినెత్తినుండి విశాఖపట్నం నడినెత్తికి రావడానికి దానికి పది సెకన్లు చాలు. ఇంతటి వేగంలో, చీకటిలో, కనురెప్పపాటులో వెలిగి ఆరిపోవు మెరుపుమీద చూపు నిలపాలి.

సెప్టెంబరు 8వ తేదీన కేంద్రం మన దిక్కుగా వచ్చినప్పుడు బంగాళాఖాతంమీద ఒక మహామేఘం నిలిచి ఉన్నది. దాని శిఖరం 18 కిలోమీటర్ల ఎత్తు. అంటే ఎవరెస్టుకు రెండింతలు. మోగెన్‌సెన్ తీసిన చిత్రం 160 సెకన్లపాటు సాగినది. ఆ కొద్ది వ్యవధిలో ఆ మేఘశిఖరంపై 245 నీలిమెరుపులు లెక్కకు వచ్చినవి. వాటిలో ఒకటి శిఖరాన్ని విడిచి, నీలిధారవలె కొట్టుకొంటూ, 40 కిలోమీటర్ల ఎత్తుకు ఎగసినది. నిమిషానికి తొంబది మెరుపులు ఒకే మబ్బు నెత్తిమీద ఆడుతున్నవని అంతకు పూర్వం ఎవరూ ఊహించి ఉండలేదు. ఈ వివరాలు 2017లో శాస్త్రపత్రికలో వెలువడినప్పుడు లోకం ఆశ్చర్యపడినది. ఆ మబ్బు మన సముద్రంమీదిదే అయినా, ఆ ఆశ్చర్యం మనవరకు వచ్చినది తక్కువ.

నమ్మనివారి నడుమ చూచినవారు

ఈ వెలుగులు క్రొత్తవి కావు. మనిషి పుట్టకముందునుండి ఉన్నవే. ఉరుముమబ్బునుండి ఏదో వెలుగు పైకి లేచినదని చూచి వ్రాసినవారు పందొమ్మిదవ శతాబ్దంలోనే ఉన్నారు. 1886లో ‘నేచర్’ పత్రికలో అటువంటి లేఖ ఒకటి అచ్చయినది. 1937లో దక్షిణాఫ్రికాలో మెరుపులను పరిశోధించుచుండిన మలాన్ అను శాస్త్రజ్ఞుడు, మబ్బుమీద ఎర్రని ఛాయగల పొడవైన వెలుగును చూచినట్లు వ్రాసినాడు. తరువాతి కాలంలో రాత్రివేళ విమానాలు నడిపినవారు, తుపానుమబ్బుల పైభాగాన నిలువుగా లేచిన మెరుపులను గూర్చి తమలో తాము చెప్పుకొనేవారు. పైవారికి చెప్పితే, కంటికి అలసట కలిగి ఉంటుందనో, అద్దంమీద ప్రతిబింబమనో త్రోసిపుచ్చినారు. అందుచేత చాలమంది చెప్పడమే మానుకొన్నారు.

కంటితో చూడకుండగనే, లెక్కవేసి చెప్పినవాడు ఒకడున్నాడు. ఆయన స్కాట్లండు దేశస్థుడైన సి.టి.ఆర్. విల్సన్. అణువుల గర్భంనుండి వెలువడే కణాల జాడను మంచుపొగలో పట్టి చూపించిన ‘మేఘపేటిక’ను నిర్మించి, 1927లో నోబెల్ బహుమానం పొందిన మహనీయుడు. పేటికలోని మేఘంతోపాటు ఆకాశంలోని మేఘంకూడ ఆయనకు ప్రియమైన వస్తువే. 1925లోనే ఆయన చెప్పినది ఇది: మబ్బులోని విద్యుత్తు ఒక్కసారిగా భూమికి దిగిపోయినప్పుడు, మబ్బుపైన ఆకాశంలో గొప్ప విద్యుద్బలం ఏర్పడుతుంది, ఎత్తు పెరిగినకొద్దీ గాలి పలుచబడుతుంది గనుక, ఎక్కడో ఒకచోట ఆ గాలి ఆ బలానికి తాళలేక వెలగక తప్పదు. లెక్క సరియైనదే. చూపించగల సాధనం లేకపోయినది. విల్సన్ మాట 64 ఏండ్లు గ్రంథాలయాలలో నిద్రించినది.

1989 జూలైలో ఒక రాత్రి అమెరికాలో, మిన్నెసోటా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జాన్ వింక్లర్, ఆయన శిష్యులు, రాకెట్టులో పంపదలచిన ఒక కెమెరాను పరీక్షిస్తున్నారు. మసకవెలుగునుసైతం గ్రహించగల కెమెరా అది. దానిని నక్షత్రాలవైపు త్రిప్పి ఉంచినారు. దిక్చక్రంవద్ద, చాల దూరాన, ఏదో తుపాను మెరుస్తున్నది. తరువాత టేపు వేసి చూడగా, ఆ తుపానుమీద రెండు వెలుగుస్తంభాలు ఒక్క క్షణం నిలిచి మాయమైనవి. వారు వెదకినది అది కాదు. అయినా దానిని తుడిచివేయక, 1990లో ప్రకటించినారు.

ఆ ప్రకటన చూచి అమెరికా అంతరిక్షసంస్థవారు తమ పాతటేపులు బయటికి తీసినారు. స్పేస్ షటిల్ నౌకలనుండి 1989 మొదలు తుపానులను చిత్రించిన టేపులు వారివద్ద మూలుగుతున్నవి. వాటిని నెమ్మదిగా త్రిప్పి చూడగా, ఇంచుమించు ఇరవైచోట్ల అటువంటి వెలుగులే! 1990 అక్టోబరులో తీసిన ఒక చిత్రంలో, మెరుపుకు జవాబుగా 90 కిలోమీటర్ల ఎత్తున ఆకాశపుపొర ఒకటి వెలిగినట్లు కనబడినది. రోదసినుండి కెమెరా అదివరకే చూచినది, మనిషే గమనించలేదు. ఆపైన నాలుగేండ్లకు లోకంలో సందేహించేవాడు లేడు. 1993 జూలైలో కొలరాడోలో వాల్టర్ లయన్స్ ఒక్కరాత్రిలోనే రెండువందలకు పైగా వెలుగులను పట్టినాడు.

చూచినవాని మాటను అప్పటి శాస్త్రం చిన్నచూపు చూచినది. అంతేగాక, కాగితంమీద నిరూపించిన విల్సన్ మాటనుకూడ మరచిపోయినది. ఈ కథలో శాస్త్రానికి కీర్తి ఎంత ఉన్నదో, పాఠమూ అంతే ఉన్నది.

ఎర్రనివి, నీలనివి, వలయాలు

ఈ వెలుగులు ఒక్కటే జాతి కావు. ఎర్రగా మెరిసే వాటికి ‘స్ప్రైట్’లని పేరు పెట్టినవాడు అలాస్కా విశ్వవిద్యాలయపు డేవిస్ సెంట్‌మన్. షేక్స్‌పియరు నాటకాలలో కనబడీ కనబడక తిరుగు వనదేవతల పేరు అది. మన కావ్యాలలోనైతే కిన్నరులనో గంధర్వులనో అని ఉండేవారు. అవి ఏమో, ఎట్లు పుట్టినవో తెలియకముందే పెట్టవలసివచ్చిన పేరు గనుక, తెలియని శాస్త్రాన్ని తెలిసినట్లు చెప్పని పేరుకావాలని ఆయన కావ్యలోకంనుండి తెచ్చుకొన్నాడు.

స్ప్రైట్ పుట్టుక తెలియాలంటే మబ్బు లోపలికి పోవాలి. మబ్బులో మంచుపలుకులు, వడగండ్లు ఒకదానితో ఒకటి ఒరసికొని, పైభాగాన ధనవిద్యుత్తు, దిగువభాగాన ఋణవిద్యుత్తు చేరుతవి. సాధారణంగా భూమిమీద పడే పిడుగులు దిగువనున్న ఋణవిద్యుత్తును దింపేవి. ఎప్పుడో పదింట ఒకసారి ధనవిద్యుత్తు దిగుతుంది. అది దిగినప్పుడు మామూలు పిడుగుకంటె ఎక్కువ విద్యుత్తును తీసుకొనిపోతుంది. నిండుకుండవంటి మబ్బు ఒక్కపెట్టున ఖాళీ అవుతుంది. పైనున్న ఆకాశానికి ఆ సమతూకం తప్పిన అదురు తగులుతుంది. 75 కిలోమీటర్ల ఎత్తున గాలి, మనం పీల్చే గాలికంటె పదివేల వంతులకు మించి పలుచన. బజారులోని నియాన్ దీపపు గొట్టంలో గాలిని పలుచనచేసి విద్యుత్తు పంపగా ఎట్లు వెలుగుతుందో, అక్కడి గాలికూడ అట్లే వెలుగుతుంది. అక్కడ వెలిగేది ముఖ్యంగా నత్రజని. దాని వెలుగు పైన ఎరుపు, క్రిందికి దిగినకొద్దీ నీలం. ఆకారం చూస్తే, మీద గొడుగు విప్పుకొని, క్రిందికి మర్రిఊడలు దింపినట్లుంటుంది. దాని ఆయుస్సు సెకనులో నూరవవంతుకు అటూయిటూ.

రెండవజాతి నీలిధార. దీనిని ‘బ్లూ జెట్’ అంటారు. ఇది క్రింది పిడుగుకు జవాబుగా పుట్టదు. మేఘశిఖరంనుండి తానే చిమ్మనగ్రోవివలె లేచి 40, 50 కిలోమీటర్లవరకు పోతుంది. సెకనుకు సుమారు 100 కిలోమీటర్ల వేగం. మోగెన్‌సెన్ బంగాళాఖాతంమీద చూచినది ఈ జాతిదే. ఎప్పుడో ఒకసారి ఈ ధార ఆగక, 90 కిలోమీటర్లవరకు పోయి, మబ్బుకూ అయనోవరణానికీ తీగెకట్టినట్లు కలుపుతుంది. దానిని ‘మహాధార’ అనవచ్చును.

మూడవజాతి ‘ఎల్వ్’. పెద్దపిడుగు పడినప్పుడు వెలువడు విద్యుదయస్కాంత తరంగం 90 కిలోమీటర్ల ఎత్తున అయనోవరణపు అడుగును తాకి వెలిగిస్తుంది. చెరువులో రాయి వేసినప్పటి వలయంవలె అది 400 కిలోమీటర్ల వెడల్పుకు వ్యాపించి, సెకనులో వేయవవంతులోపల ఆరిపోతుంది. చీడికాడమీద అటువంటి వలయం ఒకటి వెలిగితే, దాని ఒక అంచు ఛత్తీస్‌గఢ్ అడవులమీద, మరియొక అంచు నడిసముద్రంమీద ఉంటుంది. క్రింద దీపం పెట్టుకొని భోజనం చేసేవానికి ఆ సంగతే తెలియదు.

ఈ వెలుగులు ఆడుకొనే 50 నుండి 90 కిలోమీటర్ల ఎత్తు ఒక అనాథలోకం. హైదరాబాదులోని టాటా సంస్థవారి బెలూనులు 40 కిలోమీటర్ల ప్రాంతందాక పోగలవు. అంతకుమించి గాలి మోయదు. ఉపగ్రహాలు అంత క్రిందికి దిగలేవు. దిగితే గాలి ఒరిపిడికి నిలువలేవు. శ్రీహరికోటనుండి లేచు రాకెట్టు ఆ పొరను క్షణాలలో దాటిపోతుంది. 2021 జూలై 11వ తేదీన గుంటూరు జిల్లా ఆడపడుచు బండ్ల శిరీష అమెరికాలో ఒక రోదసివిమానంలో 86 కిలోమీటర్ల ఎత్తుకు పోయివచ్చినది. స్ప్రైట్‌లు నాట్యమాడే రంగస్థలం సరిగా అదే.

ఈ పొరలతో తెలుగునాటికి పరిచయం క్రొత్త కాదు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావుగారు, రోదసియానం ఇంకా కలగా ఉన్న రోజులలోనే, అయనోవరణ పరిశోధనకు ఒక సంప్రదాయం నెలకొల్పినారు. తిరుపతికి సమీపాన గాదంకిలోని రాడారు, నేలకు దగ్గరి గాలిపొర మొదలు మధ్యావరణందాక, గాలి కదలికలను తరచి చూస్తున్నది. రామచంద్రరావుగారి ప్రయోగశాలకూ చీడికాడ పొలాలకూ నడుమ దూరం ఒకపూట బస్సు ప్రయాణం.

పైనుండి ఎందుకు చూడాలి?

కొలరాడోలో నేలమీదనుండియే ఒక్కరాత్రి రెండువందలు కనబడగా, అంతరిక్షానికి పోవడం ఎందుకని అడుగవచ్చును. దీనికి జవాబులు మూడు.

మొదటిది, మబ్బే తెర. తుపాను క్రింద ఉన్నవానికి దాని నెత్తి కనబడదు. దూరంనుండి చూడాలంటే నడుమ ఆకాశం నిర్మలంగా ఉండాలి; వానకాలంలో అది దుర్లభం. రెండవది, నీలిరంగు. గాలి నీలిరంగును నలుదిక్కులకు చెదరగొడుతుంది. ఆకాశం నీలంగా కనబడుటకు అదే హేతువు. కనుక నీలిధారలు నేలను చేరకముందే చెదరిపోతవి. అతినీలలోహిత కిరణాలనైతే గాలి చాలవరకు మ్రింగివేస్తుంది. రోదసినుండి చూస్తే నడుమ ఆ అడ్డు లేదు. మూడవది, సముద్రం. భూమిలో ముప్పాతికకు దగ్గరగా నీరే. అక్కడ కెమెరా పెట్టుకొని కూర్చునేవాడు ఎవడు?

2003 జనవరి 16వ తేదీన బయలుదేరిన కొలంబియా నౌకలో ఈ పనికి శ్రద్ధగా ఏర్పాట్లు చేసినారు. అందులో ఇజ్రాయిలు దేశపు మొదటి వ్యోమగామి ఇలాన్ రమోన్ ఉన్నాడు. మన కల్పనా చావ్లా ఉన్నది. ఎడారిధూళిని పరిశీలించుటకు తీసుకొనిపోయిన కెమెరాను రాత్రివేళ తుపానులమీదికి త్రిప్పి, స్ప్రైట్‌ల ప్రకాశాన్ని రోదసినుండి మొట్టమొదటిసారి సరిగా కొలిచినారు. ఫిబ్రవరి 1వ తేదీన, తిరిగివచ్చుదారిలో, ఆ నౌక ఆకాశంలోనే ముక్కలైపోయినది. ఏడుగురిలో ఎవరూ మిగులలేదు. వారు చిత్రించినవానిలో కొన్ని అంతకుముందే రేడియో తరంగాలమీద భూమికి చేరి ఉండినవి గనుక, అవి మిగిలినవి. నేటికీ ఆ చిత్రాలను శాస్త్రజ్ఞులు గౌరవంతో ఉదాహరిస్తారు.

2004 మేలో తైవాను దేశం పంపిన ఉపగ్రహం, ఈ వెలుగులను ప్రత్యేకంగా లెక్కించుటకు ఒక పరికరాన్ని మోసుకొని పోయి, 2016 వరకు పనిచేసినది. దాని లెక్కలవలన భూగోళమంతట నిమిషానికి మూడుకు పైగా ఎల్వ్‌లు, రెండు నిమిషాలకొక స్ప్రైట్ పుడుతున్నవని అంచనా కట్టినారు. ఇదే వ్యవధిలో భూమిమీద మామూలు మెరుపులు సెకనుకు నలుబదికి పైగా మెరుస్తున్నవని వేరొక ఉపగ్రహం తేల్చినది. సముద్రపునీటి వేడి 26 డిగ్రీలను మించినచోట ఎల్వ్‌లు హఠాత్తుగా పెరుగుతున్నవనికూడ ఆ తైవాను లెక్కలు చెప్పినవి. బంగాళాఖాతం ఏడాదిలో చాలభాగం ఆ హద్దుకు మించి వెచ్చగా ఉండే సముద్రమే.

2018 ఏప్రిల్ 2వ తేదీన ‘ఏసిమ్’ అను పరిశీలనాలయం బయలుదేరి, 13వ తేదీన అంతరిక్ష కేంద్రపు వెలుపలి భాగానికి అమరినది. బరువు 314 కిలోలు. మోగెన్‌సెన్ కెమెరాతో చేతిమీద చేసిన పనిని ఇది యంత్రంగా, నిద్రలేక చేస్తుంది. మబ్బులనుండి అప్పుడప్పుడు వెలువడు గామా కిరణాలనుకూడ పట్టుతుంది. 2019 ఫిబ్రవరి 26వ తేదీన పసిఫిక్ మహాసముద్రంలోని నౌరూ దీవి సమీపాన, మేఘశిఖరంపై ఐదు నీలిమెరుపులను అది చూచినది. ఒక్కొక్కదాని ఆయుస్సు సెకనులో లక్షవవంతు. వాటిలో ఒకటి నీలిధారయై 50 కిలోమీటర్ల ప్రాంతందాక ఎగసినది. నీలిధార పుట్టు క్షణాన్ని అంత స్పష్టంగా పట్టినది అప్పుడే.

మోగెన్‌సెన్ 2023లో మరల అంతరిక్ష కేంద్రానికి పోయినాడు. ఈసారి మాసాలతరబడి ఉండి, ఎర్రని స్ప్రైట్‌ను చిత్రించినాడు.

క్రింద ఉన్నవాని మాట

ఇదంతా విన్న చీడికాడ రైతు ఒకమాట అడుగవచ్చును. పైన వెలిగేది కన్నులపండువే; క్రింద పడేదాని సంగతి ఏమి?

ఈ ప్రశ్న న్యాయమైనది. మోగెన్‌సెన్ బంగాళాఖాతంమీద నీలిధారలను చిత్రించుటకు రెండురోజులముందు, 2015 సెప్టెంబరు 6వ తేదీ ఆదివారంనాడు, ఆంధ్రదేశంలో పిడుగులు పడి ఒక్కరోజులోనే ఇరవైమంది మరణించినారు. పొలంలో ఉన్నవారు, పశువులవెంట పోయినవారే అటువంటి రోజులలో ఎక్కువగా బలియవుతారు. ఏసిమ్ అంతరిక్షంలో అమరిన పదకొండవరోజున, అనగా 2018 ఏప్రిల్ 24వ తేదీన, మన రాష్ట్రంలో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదైనవి, తొమ్మిదిమంది పోయినారు. దేశమంతటికీ చూస్తే, 2022వ సంవత్సరంలో పిడుగుపాటుకు 2,887 మంది బలియైనారని ప్రభుత్వపు లెక్క. ప్రకృతి వైపరీత్యాలలో మరేదియు మనదేశంలో ఏటేట ఇంతమందిని తీసుకొనిపోవడం లేదు. తుపానుకు పేరు పెడతాము, వరదకు కొలత పెడతాము. పిడుగు ఒకరొకరిని, ఊరికొకరిని తీసుకొనిపోతుంది గనుక దానిని విపత్తుగా గుర్తించుటకే మనకు చాలకాలం పట్టినది.

పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమని సామెత. పైనున్న నీలిధారకూ క్రిందనున్న పిడుగుకూ మంత్రం ఒకటి కాదు గాని, మూలమేఘం ఒకటే. ఏ మబ్బు శిఖరం ఆకాశపు కప్పును చీల్చుకొని 18 కిలోమీటర్లకు లేస్తుందో, దాని గర్భంలో గాలి ఎంత ఉధృతంగా పైకి చిమ్ముతున్నదో నీలిమెరుపుల లెక్క చెప్పగలదు. ఆ ఉధృతి తెలిస్తే, మబ్బుల స్వభావాన్ని లెక్కగట్టే శాస్త్రం పదునెక్కుతుంది. ఈ మెరుపులు పై గాలిలో నత్రజని సమ్మేళనాలను పుట్టించి, ఓజోను పొరపై ఏ మాత్రం ప్రభావం చూపుతున్నవో తేల్చుటకూ ఇదే దారి. సముద్రం వెచ్చబడుచున్న కాలంలో మబ్బు నెత్తిని పట్టించుకోక, దాని అడుగును మాత్రమే చూచి లెక్కలు వేయడం సగం పద్దు చూచి జమాఖర్చు తేల్చడంవంటిది.

దీనికితోడు, క్రిందికి చేరవలసిన ఉపకారం కొంత చేరుతూనే ఉన్నది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధనాలయంవారు, దేశమంతట నెలకొల్పిన గ్రాహకాలతో మెరుపు పుట్టినచోటు పట్టి, ‘దామిని’ అను పేర సెల్‌ఫోనుకు హెచ్చరిక పంపుతున్నారు. దామిని అంటే మెరుపే. మన రాష్ట్రపు విపత్తుల నిర్వహణ సంస్థ మండలంపేరు చెప్పి, ముందుగనే ఫోనులో సందేశం పంపుతున్నది. ఆ సందేశం అందినవాడు దానిని నమ్మి, నాగలి విడిచి ఇల్లు చేరితే ఒక ప్రాణం దక్కుతుంది. చెట్టుక్రిందికి పోరాదు; చెరువులో, జలాశయంలో ఉన్నవాడు గట్టుకు రావాలి; ఇల్లు అందని దూరంలో ఉంటే కాళ్లు దగ్గరకు చేర్చి, పల్లపుచోట గొంతుకూర్చోవాలి, నేలమీద పడుకోరాదు. ఇంతే మంత్రం.

చిక్కంతా నమ్మకంవద్దనే ఉన్నది. ఆనాడు విమానం నడిపినవాని మాట పండితులు నమ్మలేదు. ఈనాడు పండితుని మాట పొలంలో ఉన్నవాడు నమ్మవలసి వచ్చినది. ఎండ కాస్తూ ఉండగా, ఇంకొక అరగంటలో పిడుగు పడునని ఫోను చెప్పితే, మిగిలిన రెండుచాళ్లు దున్నుకొని పోదామనిపించడం సహజం. విల్సన్ లెక్కను లోకం నమ్ముటకు 64 ఏండ్లు పట్టినది. దానివలన ఎవరి ప్రాణమూ పోలేదు. ఈ హెచ్చరికను నమ్ముటకు ఉన్న గడువు అరగంట మాత్రమే. ఊరిలో ఒక బడిపంతులు, ఒక పంచాయతీ ఉద్యోగి ఆ సందేశాన్ని తమ నోట చెప్పగలిగితే, అది అంతరిక్షంనుండి వచ్చిన మాటగా కాక, ఇంటివాని మాటగా వినబడుతుంది.

తూర్పుదిక్కు చూడండి

మబ్బు నెత్తిని చూడవలెనంటే అంతరిక్షానికే పోనక్కరలేదు. అదృష్టం తోడైతే చీడికాడ మిద్దెమీదనుండియే చూడవచ్చును. మూడునాలుగువందల కిలోమీటర్ల దూరాన, నడిసముద్రంమీద తుపానుమబ్బు లేచిన రాత్రి ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండవలెను. చంద్రుడు ఉండరాదు. వీధిదీపాలకు దూరంగా, కన్నులు చీకటికి అలవాటుపడేవరకు నిలవాలి. ఆపైన తూర్పుదిక్కున, చేయి చాచి పిడికిలి పట్టితే ఎంతెత్తు వస్తుందో అంతెత్తున చూపు నిలపాలి. మబ్బు కనబడదు, దాని మెరుపు మాత్రం దిక్చక్రంవద్ద మసకగా తెల్లవారుతూ ఉంటుంది. గంటలతరబడి ఏమియు ఉండకపోవచ్చును. ఎప్పుడో ఒక్కసారి, తెల్లమెరుపుకు బాగా మీదుగా, ఎర్రని జాలరి వల ఒకటి విసరినట్లు విచ్చుకొని, అనుమానించేలోగా ఆరిపోతుంది.

కొన్ని సంధ్యలలో ఇదే ఆకాశంలో చప్పుడులేని ఒక చుక్క వాయవ్యంనుండి ఆగ్నేయానికి నాలుగైదు నిమిషాలలో నడిచిపోతుంది. అది అంతరిక్ష కేంద్రం. ఆ చుక్క చీకటిలోనికి చొచ్చుకొనిపోయిన తరువాత, సముద్రంమీద మబ్బు ఉన్నదీ లేనిదీ, ఉంటే ఎంత ఎత్తున లేచినదీ దానికి తెలుస్తుంది. మరునాడు కళ్లంలోకి పోవలసిన చీడికాడ రైతుకుకూడ అది తెలియాలి.